గాజుసామాను కడిగినందుకు

ఫిల్మ్ నగర్, హైదరాబాదు
3 ఆగస్టు 1992

సుందరీ,

క్షేమసమాచారాలు ముందు చెప్పేస్తే తర్వాత తీరిగ్గా తిట్టుకోవచ్చు. నేను బాగున్నాను. నా గొంతూ బాగుంది. మీ ఆయన, అదే మా తమ్ముడు మూర్తి, ఎలాగూ బాగానే ఉంటాడు, వాడికి ఏదీ పట్టదు కనుక. నువ్వెలా ఉన్నావో రాసి నాలుగు నెలలైంది. ఇది మొదటి తిట్టు.

రెండో తిట్టుకి ముందు నా గోడు విను. పోయిన నెల అవార్డుల పండగ టీవీలో వేశారు, చూశావా? ఆ బొంబాయి పిల్లకి ఉత్తమ నటి అని శాలువా కప్పారు. ఆసుపత్రి సీనులో ఆమె ఏడుపు విని జడ్జీలు కూడా కళ్లు తుడుచుకున్నారట. ఆ పిల్లకి తెలుగులో మంచినీళ్లు అడగడం రాదు. ఆ ఏడుపు ఏడ్చింది నేను, ఫ్యాను కూడా తిరగని డబ్బింగ్ థియేటర్లో, పదకొండు సార్లు. సినిమా పేర్లలో నా పేరు భూతద్దం పెట్టి వెతికినా ఉండదు. మద్రాసులో పదేళ్లు ఇదే తంతు, ఇక్కడికొచ్చాక మూడేళ్లుగా ఇదే తంతు. వంకాయలు తరుగుతూ ఆ శాలువా వైపు చూశాను. వేలు తెగింది.

ఇక అసలు సంగతి. జూబ్లీ హిల్స్‌లో ఉండే నిర్మాత త్రినాథరావు గారు ఒక డాక్యుమెంటరీ తీస్తున్నారు. ఆయన పక్కింటాయన మీద. ఆ పక్కింటాయన ఎవరనుకున్నావు? సైంటిస్టు డాక్టర్ వీరరాఘవయ్య గారు. పెళ్లికి ముందు నాలుగేళ్లు నువ్వు పనిచేసింది ఆయన ల్యాబులోనే కదా! వ్యాఖ్యానం నా గొంతుతో చదవాలట. కాగితాలు ఇచ్చారు. అందులో ఇలా ఉంది: "వేరుశనగలో కంటికి కనిపించని బూజు విషాన్ని ఒక్క నిమిషంలో పట్టి చూపే కాగితపు పట్టీని డాక్టర్ గారు తన స్వహస్తాలతో, ఒంటరి తపస్సుతో కనుగొన్నారు."

చదువుతుంటే ఎక్కడో గుచ్చుకుంది. నువ్వు సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు మా పెరట్లో వేరుశనగలు నానబెట్టి కాగితం ముక్కలు ముంచుతూ కూర్చునేదానివి. "ఆ పిల్లకి ఇంకా బొమ్మలాటలు పోలేదు" అని మా అమ్మ నవ్వేది. నువ్వు ఆయన గురించి గానీ ఆ ఉద్యోగం గురించి గానీ పెళ్లయ్యాక ఒక్క మాట కూడా ఎత్తలేదు. ఇది రెండో తిట్టు.

ఈ కాగితం చదవనా, మానేయనా? నిజం రాయి.

నీ వదిన,
పుష్పవల్లి


ఏలూరు
9 ఆగస్టు 1992

వదినా,

నీ ఉత్తరం కాలేజీకి వెళ్లేముందు వచ్చింది. ఆ రోజు ఇంటరు పిల్లలకి ఏం పాఠం చెప్పానో నాకే తెలియదు.

ఆ పట్టీ నాది. ఈ రెండు మాటలు కాగితం మీద పెట్టడానికి నాకు ఐదేళ్లు పట్టింది.

నీకు అంతా చెప్పేస్తాను, నువ్వు మధ్యలో ఆపి ప్రశ్నలు వేయలేవు కాబట్టి. ఆయన ల్యాబులో చేరిన మొదటి రోజే, "ఆడపిల్లలు చేతిపని శుభ్రంగా చేస్తారు, బుర్రపని మాకు వదిలేయండమ్మా" అన్నారు. జోకు అనుకుని నవ్వాను. ఆ నవ్వుకి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. బయటివాళ్లు ల్యాబు చూడ్డానికి వస్తే మగపిల్లలు తమ పని గురించి చెప్పేవాళ్లు, నేను పూలగుత్తి అందించేదాన్ని. నేను చెప్పిన మాట మీటింగులో ఎవరికీ వినిపించేది కాదు. అదే మాట పక్క కుర్చీలోని కుర్రాడు అంటే "శభాష్" అనేవారు.

పట్టీ కోసం మూడేళ్లు పట్టింది. ఏ కాగితం, ఏ మందు, ఎంతసేపు ముంచాలి, ఎక్కడ ఆరబెట్టాలి, అన్నీ నేనే. ల్యాబు అటెండరు వెంకటనర్సయ్య తప్ప పక్కన ఎవరూ ఉండేవారు కాదు. పట్టీ మొదటిసారి నీలంగా మారిన రోజున అతను పరుగెత్తుకెళ్లి బెల్లం తెచ్చాడు.

పట్టీ పని పూర్తయిన నెలలోనే బావతో నా పెళ్లి కుదిరింది. మేనరికమే కదా, ఎప్పుడో అనుకున్నదే. శుభలేఖ ఇవ్వడానికి డాక్టరు గారి గదికి వెళ్లాను. ఆయన టేబులు మీద పేపరు ఉంది, విదేశీ పత్రికకి పంపడానికి సిద్ధంగా. పైన ఆయన పేరు, ఇద్దరు మగపిల్లల పేర్లు. నా పేరు లేదు. అడిగాను. ఆయన ఏమన్నారో తెలుసా? "పెళ్లయితే ఇంటిపేరు మారుతుంది కదమ్మా. పాతది వేయాలా, కొత్తది వేయాలా అని తికమక. అందుకే వదిలేశాను. కింద కృతజ్ఞతల్లో పెట్టాను చూడు."

చూశాను. "గాజుసామాను కడగడంలో సాయపడినందుకు కుమారి సుందరికి కృతజ్ఞతలు" అని ఉంది.

పై ఆఫీసుకి వెళ్లాను. అక్కడ కూర్చున్న పెద్దమనిషి, "అంత పెద్దాయన మీద ఫిర్యాదా? పెళ్లికూతురువి, సంతోషంగా ఉండాలమ్మా" అని శుభలేఖ తీసుకున్నాడు. నా డాక్టరేటు కాగితాల మీద డాక్టరు గారు సంతకం పెట్టలేదు. పెళ్లయ్యాక ఇంకెందుకు అన్నారు. బావకి చెప్తే "పోనీలే సుందరీ" అన్నాడు. ఆ పోనీలే అన్న మాట ఐదేళ్లుగా మా ఇంట్లో మూడో మనిషిలా తిరుగుతోంది.

కడిగానా అంటే కడిగాను వదినా, నాలుగేళ్లు కడిగాను. అది అబద్ధం కాదు. అందుకే ఎక్కువ మండుతుంది.

చదవకు. లేదా చదువు. నాకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

సుందరి


ఫిల్మ్ నగర్
20 ఆగస్టు 1992

సుందరీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను, ఊరికే. రెండోసారి మా తమ్ముడిని తిట్టాను. మూడోసారి చదివాక త్రినాథరావు గారికి ఫోన్ చేసి, "వ్యాఖ్యానం నేనే చదువుతాను, మరొకరికి ఇవ్వకండి. లొకేషన్ చూడ్డానికి నన్ను కూడా తీసుకెళ్లండి, విషయం తెలిస్తే బాగా చదవగలను" అన్నాను. ఆయన మురిసిపోయారు.

నిన్న వెళ్లాం. మీ ల్యాబు చూశాను, నువ్వు నిలబడిన కిటికీ చూశాను. డాక్టరు గారు పట్టుపంచెలో ఉన్నారు. నా గొంతు గుర్తుపట్టి, "మీరేనా ఆ ఏడుపు! మా ఆవిడ రెండు రోజులు అన్నం తినలేదు" అన్నారు. వరండాలో ఒక అమ్మాయి మా కోసం ముగ్గు వేస్తోంది. పనమ్మాయి అనుకున్నాను. కాదు, ఆయన దగ్గర రీసెర్చి చేస్తున్న పిల్ల. పేరు మంజులత, వరంగల్ పిల్ల. ఆమె థీసిస్ పూర్తయి నాలుగు నెలలుగా ఆయన సంతకం కోసం టేబులు కింద పడి ఉందట. ఆయన మా ఎదుటే ఆమెను అడిగారు: "ఏమ్మా, సంబంధాలు చూస్తున్నారటగా? ఇంటిపేరు మారాక అన్నీ ఒకేసారి చూద్దాంలే."

సుందరీ, ఆ మాట వినగానే నా ఒళ్లు ఎలా మండిందో చెప్పలేను. అవే మాటలు! కొత్తవి వెతుక్కునే ఓపిక కూడా లేదు ఆ మనిషికి.

కాఫీ తెచ్చినప్పుడు మంజులతను పక్కకి లాగి నీ పేరు చెప్పాను. ఆ పిల్ల కళ్లు ఇంతయ్యాయి. "సుందరి మేడం తెలుసా మీకు? ఆమె నోటుబుక్కు నా దగ్గరనే ఉన్నది మేడం. వెంకటనర్సయ్య దాచి నాకిచ్చిండు. నేను పట్టీలు చేసుడు నేర్చుకున్నది అందులకెల్లే" అంది. నువ్వు ఎప్పుడూ చూడని పిల్ల, నీ అక్షరాలు చూసి పని నేర్చుకుంది.

నేను ఇంటికొచ్చి ఒక నిర్ణయానికి వచ్చాను. పదమూడేళ్లుగా ఎవరెవరి పెదాలకో నా గొంతు అతికిస్తున్నాను. ఎవరి మీదా పగ తీర్చుకోలేదు, పూట గడవాలి కాబట్టి. ఈ మనిషి మీద తీర్చుకుంటాను. నీది, ఆ పిల్లది, నా శాలువాది, అన్నీ కలిపి.

షూటింగులో ఆయన పట్టీ ముంచి చూపించాలి. ఆ పట్టీ గురించి నీకు తెలిసి ఆయనకి తెలియనిది ఏదైనా ఉందా? ఆలోచించి రాయి. దయ తలచకు.

పుష్ప వదిన


ఏలూరు
27 ఆగస్టు 1992

వదినా,

ఉంది.

నన్ను దుర్మార్గురాలనుకో, ఈ ఉత్తరం రాస్తుంటే నాకు పండగలా ఉంది.

ఎనభై అయిదు దీపావళికి నువ్వు మద్రాసు నుంచి జంతికలు పంపావు, ఖాళీ ఫిల్ము డబ్బాలో. గుర్తుందా? జంతికలు అందరూ తినేశాక ఆ రేకు డబ్బా నా టేబులు మీద ఉండిపోయింది. అప్పట్లో నా పట్టీలు ఒకరోజు పనిచేసేవి, మరునాడు చచ్చిపోయేవి. ఎందుకో తెలియక పిచ్చెక్కేది. ఒకరోజు టేబులు సర్దుతూ కొన్ని పట్టీలు ఆ డబ్బాలో పడేశాను. వారం తర్వాత చూస్తే బయట ఉన్నవి ఏవీ పనికిరాలేదు, డబ్బాలోవి ఒక్కొక్కటీ నీలంగా మారాయి. వాటికి వెలుతురు పడదు వదినా. మామూలు గదిలో కొంతసేపు తట్టుకుంటాయి. గట్టి వెలుతురైతే పావుగంట చాలు, ఉత్త కాగితాలైపోతాయి. ఒకసారి ముంచాక ఇక భయం లేదు, ఆ రంగు నిలిచిపోతుంది.

డాక్టరు గారికి ఇది తెలియదు. ఆయన పట్టీ చేతపట్టింది బయటివాళ్లు ల్యాబు చూడ్డానికి వచ్చినప్పుడే, అప్పుడు వెంకటనర్సయ్య డబ్బాలోంచి తీసి అందించేవాడు. ఆయన అచ్చు వేయించిన పేపరులో కూడా "ఆరబెట్టవలెను" అని ఉంది తప్ప ఎక్కడ దాచాలో లేదు.

ఇంకోటి విను. మా ల్యాబుల్లో ఒక ఆచారం ఉంది. రోజూ చేసిన పని నోటుబుక్కులో రాసి తేదీ వేయాలి. కింద గైడు "చదివాను, అర్థమైంది" అని సంతకం పెట్టాలి. అలా పెడితేనే ఆ పని ఎవరిదో, ఏనాటిదో రేపు సాక్ష్యం ఉంటుంది. ఆయన శనివారం సాయంత్రం వారంలోని పేజీలన్నీ ఒకేసారి తిప్పుతూ, ఫోన్లో మాట్లాడుతూ సంతకాలు పెట్టేసేవారు. అరవై మూడో పేజీ చూడమను మంజులతను. "వెలుతురు తగిలితే పట్టీ చనిపోతుంది. ఇది ఈ రోజు నేను కనుక్కున్నాను" అని ఇంగ్లీషులో రాసి కింద గీత గీశాను. ఆ గీత కిందే ఆయన సంతకం.

మీ సినిమావాళ్ల లైట్లు ఎంత పెద్దవి వదినా?

సుందరి


ఫిల్మ్ నగర్
5 సెప్టెంబరు 1992

సుందరీ, చాలా పెద్దవి.

కార్డు మీద ఇంతే పడుతుంది. పదకొండున షూటింగు. అసలు ల్యాబు బాగాలేదని ఇక్కడే స్టూడియో ఫ్లోరులో ల్యాబు సెట్టు వేశారు. ఢిల్లీ నుంచి ఇద్దరు పెద్దలు చూడ్డానికి వస్తున్నారు. ఈ పట్టీని మార్కెట్ యార్డులన్నిటికీ ఇవ్వాలా వద్దా అన్నది తేల్చేది వాళ్లే. వాళ్ల ఎదుటే ఆయన పరువు పోతుంది. తలుచుకుంటేనే ఆకలి వేస్తోంది నాకు.

పుష్ప


తంతి
ఏలూరు, 10 సెప్టెంబరు 1992

పట్టీలు డబ్బాలోంచి తీయనివ్వకు. ఢిల్లీ వాళ్ల ముందు పట్టీ ఓడిపోకూడదు. ఆయన కోసం కాదు. సుందరి.


ఏలూరు
14 సెప్టెంబరు 1992

పుష్పవల్లి గారికి,

ఈ రోజు పేపరు చూశాను. "వేరుశనగ పరీక్ష విఫలం. సినిమా లైట్ల నడుమ తెల్లమొహం వేసిన శాస్త్రవేత్త." ఆరు వరుసల వార్త.

నా తంతి మీకు అందే ఉంటుంది. అయినా మీరు అనుకున్నది చేశారు. మీరు ఆయన మీద పగ తీర్చుకున్నారు, చాలా సంతోషం. కానీ ఆ వార్త చదివిన ఏ మనిషీ ఆయన పట్టీ గురించి తెలియక తప్పు చేశాడని అనుకోడు. పట్టీ పనిచేయదని అనుకుంటాడు. ఢిల్లీవాళ్లు ఫైలు మూసేస్తారు. ఇక ఏ రైతూ తన గింజ మంచిదో చెడ్డదో చూసుకోలేడు. బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని గేదెలు చస్తూనే ఉంటాయి.

నా పేరు పోయినప్పుడు ఏడ్చాను గానీ, పట్టీ అయినా ఉందిలే అని ఓ మూల ధైర్యం ఉండేది. ఇప్పుడు అదీ లేదు. డబ్బా రహస్యం మీకు చెప్పింది నేనే కాబట్టి ఎవరినీ అనలేను.

మీ తమ్ముడు నమస్కారాలు చెప్పమన్నారు.

సుందరి


ఫిల్మ్ నగర్
14 సెప్టెంబరు 1992

మరదలు పిల్లా,

మూడు రోజులుగా జ్వరం, గొంతు పూర్తిగా పోయింది, చెయ్యి మాత్రం పనిచేస్తోంది. ఈలోగా నువ్వు పేపరు చూసి ఉంటే నన్ను ఎన్ని తిట్టుకుని ఉంటావో! పేపరువాడు ఐదో టేకు దాకా ఉండి భోజనానికి వెళ్లిపోయాడు. అసలు కథ ఏడో టేకు తర్వాత.

నీ తంతి పదకొండు ఉదయం అందింది. చదివి మడిచి జాకెట్లో దోపుకున్నాను. పట్టీ ఓడిపోకూడదన్నావు. సబబే, నాకు ఆ సంగతి తట్టనే లేదు, పగ ఎక్కి ఉన్నాను. కానీ ఆయన గెలవడం నేను చూడలేను. వెంటనే వెంకటనర్సయ్య దగ్గరికి వెళ్లాను. మోతీనగర్ నుంచి బస్సులో మన డబ్బా ఒళ్లో పెట్టుకుని వచ్చాడు, అవును, ఆ జంతికల డబ్బానే. "సగం పట్టీలు బయటికి ఇవ్వు, సగం డబ్బాలోనే ఉంచు. నేను సైగ చేసేదాకా మూత తీయకు" అన్నాను. "ఫికర్ చెయ్యకమ్మా. గీ దినం కోసమే ఐదేండ్ల సంది డబ్బ దాచిన" అన్నాడు.

సెట్టు చూస్తే నువ్వు పడీపడీ నవ్వేదానివి. జాడీల్లో రోజా రంగు షర్బత్తు, పచ్చ రంగు నీళ్లు, కింద నుంచి సాంబ్రాణి పొగ. డాక్టరు గారికి అది తెగ నచ్చింది. డబ్బా చూసి, "ఆ తుప్పు డబ్బా ఏమిటయ్యా, ఫ్రేములోంచి తీసెయ్" అన్నారు. నేను చటుక్కున, "వెండిపళ్లెంలో పరిస్తే కెమెరాకి అందంగా ఉంటుంది డాక్టరు గారూ" అన్నాను. "చూశారా! అలంకరణ సంగతి ఆడవాళ్లకే తెలుస్తుంది" అని ఢిల్లీ వాళ్లతో అన్నారు. నేను సిగ్గుపడినట్టు నవ్వాను. నా జీవితంలో నేను చేసిన మంచి నటన అదే, దానికి కూడా శాలువా రాలేదు.

కెమెరామన్ బసవపున్నయ్య గారికి ముందే చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "ముప్పై ఏళ్లుగా ఫిల్ముకి వెలుతురు తగలకుండా కాపాడుకుంటున్నవాణ్ణి, నాకు చెప్పాలామ్మా?" అని, "డాక్టరు గారి ముఖం మీద నీడ పడుతోంది, ఇంకో లైటు వేయండ్రా" అంటూ ముక్కాలు గంట లైటింగే చేశారు. వెండిపళ్లెంలో నీ పట్టీలు తళతళలాడుతూ చచ్చిపోయాయి.

మొదటి టేకు. ముంచారు. తెల్లగానే ఉంది. రెండో టేకు. అంతే. ఐదో టేకుకి చెమటలు. ఏడో టేకులో పట్టీ విసిరికొట్టి మంజులత మీద విరుచుకుపడ్డారు: "ఇవి సరిగ్గా చేయలేదు నువ్వు! ఆడపిల్లలకి ల్యాబు అప్పజెప్తే ఇంతే. వీళ్ల మనసంతా పెళ్లి మీద ఉంటుంది." టేపు తిరుగుతోంది సుందరీ. సౌండు ఆపొద్దని నేను ముందే చెప్పాను.

 ఆమె థీసిస్ ఇంకా ఆయన టేబులు కిందే ఉందని మర్చిపోకు. నేను పక్కన నిలబడి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. ఆమెకు ఏమనిపించిందో, "తయారీల తప్పు లేదు సార్. లైట్ల ఎలుగు పడ్డది వాటి మీద" అంది. "ఎవరు చెప్పారు నీకు?" అని అరిచారు. మంజులత సంచీలోంచి నీ నోటుబుక్కు తీసి, ఆయనకి కాదు, ఢిల్లీ పెద్దాయనకి ఇచ్చింది. అరవై మూడో పేజీలో గుర్తు పెట్టి ఉంచింది.

ఆ పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు. ప్రతి పేజీలో నీ రాత, ప్రతి పేజీ కింద ఆయన సంతకం. తర్వాత నెమ్మదిగా ఇంగ్లీషులో అడిగాడు. "డాక్టర్, ఇక్కడ మీ సంతకం ఉంది. మీరు చదివి పెట్టారా, చదవకుండా పెట్టారా?"

చదివి పెట్టాను అంటే, పట్టీ కనుక్కున్నది నువ్వని ఒప్పుకున్నట్టే. చదవలేదు అంటే, నాలుగేళ్ల సంతకాలన్నీ దొంగ సంతకాలే.  డాక్టరు గారి మౌనం టేపు మీద పదహారు సెకన్లు ఉంది. నేను రెండుసార్లు పెట్టించుకుని విన్నాను.

అప్పుడు సైగ చేశాను. బసవపున్నయ్య గారు లైట్లన్నీ ఆర్పించారు. వెంకటనర్సయ్య డబ్బా మూత తీసి ఒక పట్టీని వేరుశనగలు నానిన నీళ్లలో ముంచాడు. నిమిషం కూడా పట్టలేదు. ఆకాశమంత నీలం. "ఇగో సార్, గిది బతికే ఉన్నది. వెలుతురు తాకొద్దని సుందరమ్మ చెప్పింది. పేపర్ల గాజుసామాను కడిగిందని రాసిండ్రట. కడిగింది నేను సార్, గామె పక్కన నిలబడి. గామె పేరు రాయలే, నా పేరు రాయలే" అన్నాడు. ఆ ముక్క ఢిల్లీ ఆయనకి త్రినాథరావు గారు ఇంగ్లీషులో చెప్పారు, చెప్తూ తల దించుకున్నారు.

నీ పట్టీ ఓడిపోలేదు. నోటుబుక్కు ఢిల్లీవాళ్లు రసీదు రాసిచ్చి పట్టుకెళ్లారు. ఇప్పుడు చెప్పు, ఇంకా తిట్టుకుంటున్నావా?

గొంతు లేని నీ వదిన


ఏలూరు
25 అక్టోబరు 1992

వదినా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడ్డాయి. నీది అందిన రోజున నేను రాసింది తలుచుకుని తలుపు వేసుకుని కూర్చున్నాను. నిన్ను "గారు" అన్నందుకు నా చెంప నేనే వాయించుకున్నాను. ఆ ఉత్తరం చించెయ్యి. సిగ్గుతో ఇన్నాళ్లూ కలం ముట్టలేదు.

నిన్న ఎవరొచ్చారో చెప్తే నమ్మవు. జూబ్లీ హిల్స్ నుంచి కారు, డ్రైవరు, యాపిల్ పళ్ల బుట్ట. డాక్టరు గారు మా పెంకుటింటి గుమ్మంలో తల వంచుకుని లోపలికి వచ్చారు, గుమ్మం పొట్టిది కనుక. విచారణ వేశారట. నేను ఒక ఉత్తరం రాసివ్వాలట: వెలుతురు సంగతి ఆయన నోటితో నాకు చెప్తే నేను నోటుబుక్కులో రాశానని. అలా రాస్తే పేపరు సవరించి నా పేరు రెండోది వేయిస్తారట, డాక్టరేటు కూడా ఇప్పిస్తారట.

నేను అలవాటు కొద్దీ కాఫీకి లేవబోయాను. మీ తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, "నేను పెడతాను, నువ్వు మాట్లాడు" అని వంటింట్లోకి వెళ్లాడు. ఐదేళ్ల తర్వాత ఆ పోనీలే అన్న మాట ఇంట్లోంచి వెళ్లిపోయింది. కాఫీ మాత్రం నోట పెట్టలేకపోయాం. డాక్టరు గారు మొత్తం తాగారు పాపం, వేరే దారి లేక.

అంతా విని నేను ఒకటే అడిగాను. "నా పేరు వేయిస్తానన్నారు కదా సార్, ఏ ఇంటిపేరుతో వేయమంటారు? పాతదా, కొత్తదా? తికమక పడతారేమో." ఆయన ముఖం చూడాల్సింది. "ఇంత పగ పెట్టుకోవడం నీకు మంచిది కాదమ్మా" అన్నారు. "పగే సార్. మంచిదో కాదో ఇన్నాళ్లూ నాకు తోడుంది అదొక్కటే" అన్నాను.

యాపిల్ పళ్లు డ్రైవరుకి ఇచ్చి పంపాను.

సుందరి


ఫిల్మ్ నగర్
18 డిసెంబరు 1992

సుందరీ,

త్రినాథరావు గారు ఆ డాక్యుమెంటరీ పక్కన పడేస్తారనుకున్నాను. లేదు, పట్టీ మీదే తీస్తానన్నారు, మనిషిని మాత్రం మార్చి. ఆయనలో ఇంత సిగ్గు ఉందని నాకు తెలియదు. వ్యాఖ్యానం మళ్లీ రాయించారు. నేను మైకు ముందు నిలబడి, "నా పేరు తెర మీద వేస్తేనే నోరు తెరుస్తాను" అన్నాను.  అక్కడే ఉన్న బసవపున్నయ్య గారు, "ఆవిడ పేరు లేకపోతే నా పేరు కూడా తీసేయండి" అన్నారు. వేశారు. "గొంతు: పుష్పవల్లి". నాలుగు సెకన్లు. చూసి వచ్చి రెండు లడ్డూలు తిన్నాను.

మంజులతకి వేరే గైడుని ఇచ్చారు. థీసిస్ టేబులు కింద నుంచి బయటపడింది. సంబంధం కుదిరిందట, ఇంటిపేరు మార్చుకోనని ముందే చెప్పేసిందట. విచారణకి నిన్ను కూడా పిలిచారని విన్నాను. వెళ్లు. అక్కడ ఏం జరిగిందో ఒక్క ముక్క వదలకుండా రాయి. పగ తీర్చుకున్నాక చివరి ముద్ద నోట్లో పెట్టుకోకుండా లేచిపోకూడదు.

పుష్ప వదిన


ఏలూరు
7 మార్చి 1993

వదినా,

చివరి ముద్ద తిన్నాను. రుచి చెప్తాను విను.

మా ల్యాబు సంస్థవాళ్లు సవరించిన పేపరు నన్నే రాయమన్నారు. రాశాను. మొదటి పేరు నాది, రెండు ఇంటిపేర్లతోనూ వేశాను: నందిరాజు మద్దాలి బాలాత్రిపురసుందరి. చదివేవాళ్లకి ఊపిరి ఆడకపోతే ఆడకపోనీ. రెండో పేరు మంజులతది, పరీక్షలన్నీ మళ్లీ చేసి సరిచూసింది తనే కనుక. మూడోది వెంకటనర్సయ్యది. "అటెండరు పేరా!" అని ఒకాయన గొణిగాడు. "మొదటి రోజు నుంచి పక్కన ఉన్న మనిషి ఇంకెవరైనా ఉంటే చెప్పండి" అన్నాను.  కృతజ్ఞతల్లో ఫిల్ము డబ్బా పంపినందుకు నీ పేరు పెట్టాను, కెమెరామన్ గారి పేరు కూడా.

పాత పేపరు రాసినవాళ్లు సరేనని సంతకం పెడితేనే సవరణ అచ్చవుతుందట. ఆ ఇద్దరు మగపిల్లలూ పోస్టులోనే పెట్టి పంపారు, ఒకడు క్షమించమని చీటీ కూడా రాశాడు. డాక్టరు గారు మాత్రం స్వయంగా రావాల్సి వచ్చింది, విచారణ ఆయన మీద కనుక. ఆ గదికే పిలిపించారు, నేను శుభలేఖ ఇచ్చిన గదికి. ఆ టేబులుకి ఇవతల ఆయన, అవతల మేం ముగ్గురం, మధ్యలో ఢిల్లీ పెద్దాయన. వెంకటనర్సయ్య మొదట నిలబడే ఉన్నాడు. పెద్దాయనే కుర్చీ చూపించి కూర్చోబెట్టాడు.

డాక్టరు గారు జేబులోంచి పెన్ను తీసి, ఎప్పటిలాగే చివరి పేజీ తిప్పి సంతకం పెట్టబోయారు. పెద్దాయన ఆయన చెయ్యి ఆపి, "ఈసారి చదివి పెట్టండి డాక్టర్. పైకి చదవండి, అందరం వింటాం" అన్నాడు.

చదివారు. మూడేళ్ల నా పని మొత్తం ఆయన నోటితో నేను విన్నాను. ఏ కాగితం, ఏ మందు, ఎంత వెలుతురు, ఎంత చీకటి. మధ్యలో రెండు చోట్ల తడబడ్డారు, కొత్తగా చదువుతున్నారు కదా. నాకు జాలి కలుగుతుందేమోనని భయపడ్డాను వదినా. కలగలేదు. చివర కృతజ్ఞతల దగ్గరికి వచ్చి ఆగిపోయారు. "చదవండి" అన్నాడు పెద్దాయన.

ఆయన చదివిన ఆఖరి వాక్యం ఇది: "నోటుబుక్కు పేజీల మీద సంతకాలు చేయడంలో సాయపడినందుకు డాక్టర్ వీరరాఘవయ్య గారికి కృతజ్ఞతలు."

దాని కిందే సంతకం పెట్టారు.

నీ
సుందరి